మేట్రనమ్మ పాటకు అనుమతి లేదు

కావలిలో ఆడపిల్లల హాస్టలు ఒకదాన్ని ఏళ్ళ తరబడి ఏలి రిటైరైన మేట్రన్ ప్రేమలీలకు మనుషుల మీద నమ్మకం అంతంతమాత్రం. తాళాల మీద మాత్రం అపారమైన గురి. బియ్యం గదికి తాళం, నూనె డబ్బాల బీరువాకు తాళం, ఫ్రిజ్జు చుట్టూ గొలుసు తిప్పి దానికో తాళం. పిల్లలు ఊరగాయ దొంగిలిస్తున్నారని జాడీ మూతకు ఇనుప పట్టీ కొట్టించి తాళం బిగించిన మనిషి జిల్లా మొత్తం మీద ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఆ హాస్టల్లో చదివినవాళ్ళు ఇప్పుడు నర్సులూ టీచర్లూ అయి తలో ఊళ్ళో ఉన్నారు. నలుగురు కలిస్తే వాళ్ళు ముందు తలుచుకునేది చదువు చెప్పిన పంతులమ్మల్ని కాదు, ఆ ఊరగాయ జాడీని.

అట్లాగని ఆమెను పీనాసి అంటే కళ్ళు పోతాయి. జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చుని తడిగుడ్డ వేసేది తనే. క్రిస్మసుకు ఇంటికి పోలేని పిల్లలకు తన చీరలు కత్తిరించి గౌన్లు కుట్టేది. పెట్టే చెయ్యే, కాదనలేం. కాకపోతే తాను పెట్టాలి గానీ అవతలివాళ్ళు తీసుకోకూడదు. ఇదీ ఆమె న్యాయం. ఇదే న్యాయంతో పెద్ద పెద్ద కంపెనీలు కూడా నడుస్తున్నాయని గానీ, ఆ న్యాయం తన మీదకు తిరిగితే ఎట్లా ఉంటుందో గానీ ఆమెకు అప్పటికి తెలియదు.

ప్రేమలీలకు గొంతు ఉండేది. చర్చి గుళ్ళో గాయక బృందం వెనకబడితే ఆమె ఒక్కతే లాక్కొచ్చేది. సంగీతం నేర్చుకున్నది కాదు, హార్మోనియం మెట్లు నల్లవెందుకో తెల్లవెందుకో కూడా ఆమెకు తెలియదు. ఎక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో గొంతుకే తెలుసు, ఆమెకు తెలియదు. ఒక తుఫాను ఏడు, రేవు ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు, సముద్రం మీదికి పోయిన తండ్రుల కబురు తెలియక అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే, వాళ్ళను ఊరడించడానికి ఆమె నోటికొచ్చిన మాటలు కూర్చి ఒక పాట కట్టింది.

దరి చూపవయ్యా దీపాల దొరా
దారి మరిచింది నా పడవ

పల్లవి మామూలుదే. మొదటి చరణమూ ఫరవాలేదు. రెండో చరణం దగ్గర మాత్రం పాట ఎవరూ అనుకోని చోట పైకి లేచి, కాసేపు అక్కడే నిలబడి, నెమ్మదిగా కిందికి వచ్చేది. అది ఎట్లా వచ్చిందో ఆమెకే అంతుపట్టలేదు. జన్మలో ఆమె సొంతంగా చేసిందంటూ ఏదైనా ఉంటే అదొక్కటే. తక్కినదంతా ఎవరో చెప్పిన పనే.

అంత అపురూపమైన వస్తువును ప్రేమలీల బయట పడేస్తుందా. ఎక్కడ పాడినా తానే పాడాలి, వేరేవాళ్ళు వినాలి. అట్లాంటిది నెల్లూరులో స్త్రీల ప్రార్థన కూటాలు జరుగుతుంటే, ఆమె వేదిక ఎక్కడానికి ముందే ఇంకొకామె ఎక్కి ఆ పాట పాడేసింది. పాడింది పరాయిది కాదు, కరుణాకుమారి. అదే హాస్టల్లో ప్రేమలీల కింద పనిచేసి, గాయక బృందంలో ఆమె పక్కనే నిలబడి పాడి, మైపాడుకు కాపురానికి పోయిన పిల్ల. అక్క పాటను ఊరందరికీ వినిపిస్తే అక్క సంతోషిస్తుందనుకుంది పాపం. అక్క భోజనాల పంక్తిలో, నలుగురి మధ్యా ఆమెను పాటల దొంగ అనేసింది. కరుణాకుమారి విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

దొంగలు పడ్డాక తాళం వేయడం మొదలుపెట్టింది ప్రేమలీల. భర్త హెబ్రోను కరెంటు ఆఫీసులో పనిచేసిన నెమ్మదస్తుడు, భార్య చెప్పిన మాటను వైరింగు డయాగ్రం లాగా ఉన్నదున్నట్టు అమలు చేసే రకం. ఆయన్ను వెంటబెట్టుకుని మద్రాసు పోయి, స్టూడియోలో పాట రికార్డు చేయించి, సీడీలు వేయించింది. సీడీ కవరు మీద పాట పేరు కంటే పెద్ద అక్షరాలతో ఒక వాక్యం అచ్చు వేయించింది. దీనిని కాపీ చేసినవారు దేవుని ఎదుట లెక్క చెప్పవలెను అని. సినిమా వాళ్ళయితే పోలీసుల పేరు చెప్పి బెదిరిస్తారు. ఈమె ఏకంగా పైకోర్టుకే పోయింది.

అదే ఏడు హెబ్రోను ఒక కంప్యూటరు కొన్నాడు. సీడీలోని పాటను అందులోకి ఎక్కిస్తుంటే తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చి, ఈ పాట వేరేచోటికి పోకుండా కాపలా పెట్టమంటారా, అక్కర్లేదా అని ఇంగ్లీషులో అడిగింది. హెబ్రోను తెలుగులో చదివి వినిపించాడు. ప్రేమలీలకు ఆ యంత్రం మీద అప్పటికప్పుడు గౌరవం పుట్టింది. ఇన్నాళ్ళకు తన మనసెరిగిన వస్తువు ఒకటి ఇంట్లోకి వచ్చిందనుకుంది. కాపలా పెట్టమన్నది. హెబ్రోను టిక్కు పెట్టాడు. పాట లోపల భద్రంగా ఉంది కదా అని మిగిలిన సీడీలను దారానికి కట్టి జామచెట్టుకు వేలాడదీశాడు. చిలకలు వాటి మెరుపు చూసి కొన్నాళ్ళు భయపడ్డాయి, తర్వాత వాటి మీదే కూర్చుని జామపళ్ళు తిన్నాయి.

కాలం ఊరుకుంటుందా. ప్రేమలీల గొంతు దగ్గర వాపు వస్తే థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ అన్నారు. ప్రాణం నిలిచింది, గొంతు నిలవలేదు. ఇప్పుడామె మాట్లాడితే గరగరమని ఒకే స్థాయిలో వస్తుంది. ఫోనులో విన్నవాళ్ళు సార్ అంటారు. ఆపరేషన్ తర్వాత ఆమె గుళ్ళో పాటల వేళ పెదవులు మాత్రం కదిపేది. ఇంట్లో ఆ రికార్డును ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. పోయిన మనిషి ఫోటో చూసుకోలేనట్టే, తన పాత గొంతు వినే ధైర్యం ఆమెకు చాల్లేదు. కంప్యూటర్లో ఉందిలే అన్న ధీమా ఒక్కటి చాలనుకుంది.

ఇంతలో వాళ్ళ గుడికి నూరేళ్ళు నిండాయి. పాస్టరు సమాధానం గారు ఇంటికొచ్చి, పండుగ నాడు అమ్మగారి పాటను గాయక బృందం చేత పాడిద్దామనుకుంటున్నామని, బాణీ మాత్రం ఆమే నేర్పాలని అడిగారు. ప్రేమలీల ముఖం వెలిగింది. పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఆమె నోరు తెరిచింది. లోపల పాట స్పష్టంగా ఉంది, బయటికి వచ్చింది గరగర. చేత్తో గాలిలో పైకీ కిందికీ చూపించింది, పిల్లలు ఆ చేతి వంక చూశారు తప్ప ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు. హెబ్రోను సాయం చేస్తానని పాడబోయాడు. ఆయన పాడితే ఏ పాటైనా రైల్వే స్టేషన్లో బండి ఆలస్యం గురించి చెప్పినట్టే ఉంటుంది.

అన్నిటికంటే భయం పుట్టించింది ఇంకొకటి. అట్లా పదిసార్లు ప్రయత్నించేసరికి రెండో చరణం ఆమెకే లోపల చెదిరిపోయింది. ఎక్కడ లేస్తుందో తెలుసు, ఎట్లా దిగుతుందో గుర్తుకు రాలేదు.

కీబోర్డు వాయించే బెన్హర్ అనే కుర్రవాడు ఆమెకు ధైర్యం చెప్పాడు. మాటలు పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఇబ్బందేం లేదని, బాణీ తాను కొత్తగా కట్టేస్తానని, మంచి బీటు పెడితే యూత్ కూడా లేచి చప్పట్లు కొడతారని. అక్కడికక్కడే డప్పుల మోతతో ఒక నమూనా వినిపించాడు కూడా. దారి తప్పిన పడవ కోసం తల్లడిల్లే పాట తిరునాళ్ళకు పోయే ట్రాక్టరు లాగా ఊగింది. ప్రేమలీల చెయ్యెత్తి ఆపించింది. కొత్త బాణీ అక్కర్లేదని, అసలు పాట తన కంప్యూటర్లో ఉందని, వచ్చే ఆదివారానికి తెచ్చి వినిపిస్తానని చెప్పింది. అప్పటికి తేకపోతే బెన్హర్ బాణీనే ఖాయం చేసుకుందామని పాస్టరు గారు మెత్తగానే అన్నారు.

ఇంటికొచ్చి కంప్యూటరు పెట్టారు. ఇది పాతది కాదు. పాతదానికి ఇక అప్‌డేట్లు రావని, వాడితే మీ ఇష్టమని తెర మీద రోజూ బెదిరింపు వస్తుంటే, హెబ్రోను దాన్ని షాపులో మార్చేసి కొత్తది తెచ్చాడు. నడుస్తున్న ఎద్దును పట్టుకుని నీకు కాలం చెల్లింది పొమ్మనే ధైర్యం ఈ రోజుల్లో కంప్యూటరు కంపెనీలకే ఉంది. కొత్తది వచ్చిన రోజు నుంచీ అల్లుడి మర్యాదలు చేయించుకుంటోంది. తెరవగానే ముందు నువ్వెవరు అంటుంది. పుట్టిన తేదీ చెప్పమంటుంది, ఫోన్ నెంబరు ఇమ్మంటుంది, నెట్టు లేకపోతే ముఖం మాడ్చుకుంటుంది. మనం పని మధ్యలో ఉండగా తనకేదో గుర్తొచ్చి ఆగిపోయి, ఆపొద్దు, నేను నన్ను బాగుచేసుకుంటున్నాను అంటుంది. డబ్బు పోసి కొన్నవాడు అద్దెకున్నట్టు, అమ్మినవాడు ఇంటిపెద్దయినట్టు ఉంటుంది వ్యవహారం. హాస్టలు పిల్లల చేత వచ్చే పోయే వేళలు చెప్పించుకున్న ప్రేమలీలకు ఈ పద్ధతి కొత్త కాదు. పిల్లల వైపు నిలబడి చూడడం మాత్రం కొత్త.

హెబ్రోను పాట మీద నొక్కాడు. పాట రాలేదు. ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చింది. ఆయన చదివి, మళ్ళీ చదివి, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివి, భార్యకు చెప్పకుండా కంప్యూటరు షాపు సుశీల్ కుమార్‌కు ఫోన్ చేశాడు. ఏళ్ళ సంసారం ఆయనకు నేర్పిన విద్య అది, చెడ్డ వార్త ఎప్పుడూ మూడో మనిషి నోట చెప్పించాలి.

సుశీల్ కుమార్ వచ్చి చూసి, "పాట యాడికీ పోలేదు ఆంటీ, ఇదిగో ఈడే ఉండాది. వినేదానికి మీకు హక్కు లేదంటుంది, అంతే" అన్నాడు.

"నా పాట వినేదానికి నాకు హక్కు లేదా" అంది ప్రేమలీల.

సుశీల్ కుమార్ ఓపికగా వివరించాడు. అప్పట్లో కాపలా పెట్టమని టిక్కు పెట్టినప్పుడు, కంప్యూటరును నడిపించే సాఫ్ట్‌వేరు ఆ పాటకు తాళం వేసి, తాళంచెవిని ఆ పాత కంప్యూటర్లోనే దాచింది. పాట కొత్తదాంట్లోకి వచ్చింది, తాళంచెవి రాలేదు. పాత కంప్యూటరు విడిభాగాలై ఎప్పుడో చెన్నై పోయింది. కంపెనీ దగ్గర మారు తాళంచెవులు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉండేది, దాన్ని మూసేశారు. ఆ తాళం మంచిది కాదని కంపెనీకే తర్వాత అనిపించి, కొత్తవాటిల్లో అది పెట్టడం మానేసింది. పాతవాళ్ళ సంగతేమిటని ఎవరో అడిగితే, పాతవాళ్ళు కొత్తవి కొనుక్కోవాలని చెప్పిందట.

"లీలా, అప్పుడు టిక్కు పెట్టమనింది నువ్వే" అన్నాడు హెబ్రోను, ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆ పూట ఆయనకు కాఫీ రాలేదు.

అయినా ప్రేమలీల అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసింది. ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, సంగీతం విని, చివరికి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. ప్రేమలీల గరగర గొంతు విని ఆ అమ్మాయి సార్ అని మొదలుపెట్టింది. ఆ పాటకు ఓనర్ ఎవరో వాళ్ళు లైసెన్స్ ఇవ్వాలని, ఓనర్‌ను సంప్రదించమని చెప్పింది.

"ఓనర్ని నేనే."

"అయితే మీ దగ్గర మీరు పర్మిషన్ తీసుకోవాలి సార్."

ఆ పాట పాడింది కూడా తానేనని చెప్పింది ప్రేమలీల. పాడినది మహిళ అని వివరాల్లో ఉంది సార్, అన్నదా అమ్మాయి చాలా మర్యాదగా. ప్రేమలీల ఫోన్ పెట్టేసి గోడ వంక తిరిగి కూర్చుంది. గొంతు పోయినందుకు ఆపరేషన్ రోజు కూడా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

ఏడుపు అయ్యాక ఒక తెల్లకాగితం తీసింది. ప్రేమలీల అనే నేను, ప్రేమలీల అనే నాకు, నా పాటను నేను వినుటకు నా పూర్ణ సమ్మతితో అనుమతి ఇచ్చుచున్నాను అని రాసి, సంతకం పెట్టి, పుచ్చుకున్నట్టు కింద ఇంకో సంతకం కూడా పెట్టింది. సాక్షిగా పాస్టరు గారు సంతకం చేశారు. సుశీల్ కుమార్ దాన్ని ఫోటో తీసి కంపెనీకి పంపాడు. జవాబు వెంటనే వచ్చింది. మీ అభిప్రాయం మాకు అమూల్యమని, మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారని అడిగారు. అడిగితే కాదనలేని హెబ్రోను అయిదూ ఇచ్చేశాడు.

ఇక మిగిలింది సీడీలు. జామచెట్టు మీదివి ఎండకు వానకు పొట్టు లేచిపోయాయి. సంఘంలో ఎవరి దగ్గరైనా ఉందేమోనని ప్రేమలీల ఇల్లిల్లూ తిరిగింది. ఒకరింట్లో దాని మీద టీ గ్లాసు పెడుతున్నారు. ఒకరింట్లో అట్టపెట్టె ఉంది, లోపల సీడీ లేదు. ఒకే ఒక్కటి చక్కగా దొరికితే, సుశీల్ కుమార్ షాపులో పెట్టగానే గిర్రున తిరిగి, తలుపు తెరుచుకుని బయటికొచ్చేసింది. రోజారమణి అనే పాత పరిచయస్తురాలిని, ఎప్పుడైనా ఫోన్లోకి గానీ, క్యాసెట్టులోకి గానీ ఎక్కించుకున్నారా అని ఆశగా అడిగింది. ఆవిడ నొచ్చుకుంది. ఎక్కించుకుంటే దేవుని ఎదుట లెక్క చెప్పాలని మీరే కదా రాయించారు, మేము అట్లాంటివాళ్ళం కాదు అని చెప్పింది. దైవభయం గల సంఘం. ఒక్కరూ కాపీ చేయలేదు, విన్నవాళ్ళకు పల్లవి దాటి గుర్తు లేదు. ప్రేమలీలకు జీవితంలో మొదటిసారి, ఇంతమంది మంచివాళ్ళ మధ్య పడ్డానేమిటా అని దిగులేసింది.

శనివారం పొద్దున హెబ్రోను, ఈసారి బాగా ఆలోచించుకుని, గుమ్మానికి దగ్గరగా నిలబడి, మైపాడులో కరుణాకుమారి ఉంది కదా అన్నాడు. ప్రేమలీల లేచింది. చీర మార్చుకుంది. తాను కూడా వస్తానంటే వద్దన్నది. ఈ పనికి సాక్షులు ఉండకూడదని ఆమె ఉద్దేశం.

కావలి నుంచి నెల్లూరు దాకా దారంతా ఏమని మొదలుపెట్టాలో కూర్చుకుంటూనే ఉంది. నెల్లూరులో మైపాడు బస్సు ఎక్కి, ఖాళీ చేపల గంపల పక్కన కూర్చున్నాక అదీ మరిచిపోయింది. తాను దొంగ అన్న మనిషి దగ్గరికి, దొంగిలించిన సొత్తు కాస్త ఉంటే పెట్టమని అడగడానికి పోతోంది. ఇట్లాంటి ముష్టి ఎవరికీ రాకూడదు. కానీ రేపు ఆదివారం. బెన్హర్ డప్పులు ఆమె చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. తనతో పాటే పోతుందనుకున్న పాట తన కళ్ళముందే ముందుగా పోతుంటే, అభిమానం మడిచి సంచిలో పెట్టుకోవడం తప్ప ఏం చేస్తుంది.

కరుణాకుమారి అంగన్‌వాడీ టీచరు. భర్త పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందంతా ఇనుప సామాను, డీజిల్ వాసన. ప్రేమలీలను గుమ్మంలో చూసి ఆమె చేతిలో చాట అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత లోపలికి పిలిచింది, కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఆపరేషన్ సంగతి తెలిసి కూడా రాలేకపోయానని తనే సంజాయిషీ చెప్పుకుంది. ఈ మంచితనం ప్రేమలీలకు చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. ఇంక వంకరటింకరగా తిప్పలేదు. పాట పోయిందని, గొంతు పోయిందని, కంప్యూటరు వినిపించనంటోందని, రెండో చరణం తనకే గుర్తు రావడం లేదని, ఒక్కసారి పాడి వినిపించమని అడిగేసింది.

కరుణాకుమారి తల వంచుకుంది. "నాకు రాదక్కా" అంది.

కోపంతో అంటోందనుకుంది ప్రేమలీల. కోపం కాదు.

"ఆ రోజు నువ్వు నా దగ్గర మాట తీసుకున్నావు కదా, ఇంక ఆ పాట నోట్లోకి రానియ్యొద్దని. రానియ్యలేదక్కా. పని చేసుకుంటా ఉంటే అదే వచ్చేసేది. వచ్చినప్పుడల్లా వేరే పాట ఎత్తుకునేదాన్ని. అట్లా ఎత్తుకోని ఎత్తుకోని, ఇప్పుడు కావాలన్నా రాదు."

భోజనాల పంక్తిలో అరిచినట్టు గుర్తుంది గానీ, మాట తీసుకున్నట్టు ప్రేమలీలకు గుర్తే లేదు. తీసుకునే ఉంటుంది. తీసుకోగల మనిషే. ఆమె తన బతుకులో వేసిన తాళాలన్నిటిలోకీ పూర్తిగా పనిచేసింది ఇదొక్కటే అని, అది వేసింది దొంగ మీద కాదని అప్పుడు తెలిసింది. ఏ తాళమైనా ఇంతేనేమో. చెప్పిన మాట వినేవాళ్ళ మీదే దాని జోరంతా. ఆమెకు సిగ్గేసింది, తిరిగి పోయే బస్సు ఎన్నింటికో కూడా అడగలేకపోయింది.

కరుణాకుమారి చాలాసేపు నసిగింది. చెప్పనా వద్దా అన్నట్టు చూసి, చివరికి, "అంకాలమ్మకు వచ్చక్కా. మా సెంటర్లో పాత ఆయా. నువ్వు మాట తీసుకోకముందర నేను పాడతా ఉంటే నేర్చుకునింది. మానుకోమని చెప్పాలనే అనుకున్నా, నోరు రాలేదు. ఆమె పాడటమే కాదు, రేవులో సగం మందికి అంటించింది" అంది. నేరం ఒప్పుకున్నట్టు చేతులు నలుపుకుంది.

ఇద్దరూ రేవుకు నడిచారు. పడవలు వచ్చి ఉన్నాయి. నీడపట్టున ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని వలల్లో ఇరుక్కున్న చేపలు విడదీస్తున్నారు. మధ్యలో అంకాలమ్మ, బాగా వయసు మీరిన మనిషి, నోట్లో తమలపాకు. కరుణాకుమారి ఆమె దగ్గరికి పోయి, కావలి నుంచి ఈ అమ్మ నీ పడవ పాట వినాలని వచ్చిందని చెప్పి, పక్కకు జరిగి ఫోన్లో రికార్డింగు మొదలుపెట్టింది. అంకాలమ్మ ఆకు ఉమ్మేసి, చేతిపని ఆపకుండానే ఎత్తుకుంది.

దరి చూపవమ్మా గంగమ్మ తల్లీ
దారి మరిచింది మా పడవ

ప్రేమలీల ఉలిక్కిపడింది. యేసు ప్రభువును పిలిచి కట్టిన పాటలో గంగమ్మ తల్లి వచ్చి కూర్చుంది. కాపీ కొట్టడమే కాక దేవుణ్ణి కూడా మార్చేశారు. దీనికి లెక్క ఎవరు చెప్పాలో, ఎవరి ఎదుట చెప్పాలో సీడీ కవరు మీద రాసి లేదు. నోరు తెరవబోయి ఆగింది. ఆగడానికి కారణం, పాట రెండో చరణంలోకి పోయింది.

అక్కడ అది లేచింది. ఎక్కడ లేవాలో అక్కడే లేచి, నిలబడి, నెమ్మదిగా కిందికి దిగింది. దిగుతూ దిగుతూ, ఒక మాట మధ్యలో, ఆగకూడని చోట అంకాలమ్మ చిన్నగా ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. మిగతా ఆడవాళ్ళందరూ కూడా అక్కడే ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరి పాటలోది కాదు. ప్రేమలీలకు ఆ రోజుల్లో ఆయాసం ఉండేది, అక్కడికొచ్చేసరికి అందక, ఎవరూ గమనించరులే అని దొంగతనంగా గాలి పీల్చుకునేది. పక్కన నిలబడి పాడిన పిల్ల దాన్ని కూడా పాటే అనుకుని నేర్చుకుంది. ఆ పిల్ల దగ్గర ఈ ముసలమ్మ, ఈమె దగ్గర ఈ రేవంతా. ప్రేమలీల గొంతు ఎప్పుడో పోయింది. ఆమె ఆయాసం మాత్రం మైపాడు ఆడవాళ్ళ గుండెల్లో పదిలంగా ఉంది.

ప్రేమలీల ఇసకలో కూర్చుండిపోయింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే అంకాలమ్మ చూసి, తన పాటకే ఏడుస్తోందనుకుని సంతోషించింది.

"నీక్కూడా కావాల్నామ్మా? ఇట్టా దగ్గరికి జరుగు, నేర్పిస్తా. ఇదేమంత పెద్దపాట కాదు."

ఇది ఎవరి పాట అని అడిగింది ప్రేమలీల. ఎవరిదేముంది, మా అమ్మల కాలం నుంచీ ఉండాది అని చెప్పింది అంకాలమ్మ, ఏమాత్రం తడుముకోకుండా. కరుణాకుమారి గాభరాగా అక్క ముఖంలోకి చూసింది. ప్రేమలీలకు నిజం నాలుక చివర దాకా వచ్చింది. వచ్చి, అక్కడున్న ముఖాలన్నీ చూసి, వెనక్కి పోయింది.

"మా ఊరికి తీసకపోతా. మావాళ్ళు పాడుకోవచ్చునా" అని అడిగింది.

అంకాలమ్మ పక్కనున్నవాళ్ళ వంక చూసి నవ్వింది. "పాట పాడేదానికి ఎవురన్నా పర్మిషన్ అడగతారామ్మా" అంది. ఆ మాటకు ఆడవాళ్ళందరూ నవ్వారు.

అంకాలమ్మ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, ఈసారి నేర్చుకునేవాళ్ళకు అందేటట్టు నెమ్మదిగా. ప్రేమలీల పెదవులు కదుపుతూ కూర్చుంది. పక్కన కరుణాకుమారి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, రేవంతా పాడుతున్న పాట తన నోట్లోకి రాకుండా ఇంకా కాపలా కాస్తూనే ఉంది. ప్రేమలీల చెయ్యి చాచి ఆ చెంగును కిందికి లాగింది.

"పాడు కరుణా" అంది.

కరుణాకుమారి నిజమా కాదా అన్నట్టు కాసేపు ఆమె వంకే చూసింది. తర్వాత పాడింది. మొదటి మాట పెగల్లేదు, రెండో మాట వణికింది. చరణం లేచే చోటికి వచ్చేసరికి దారి దొరికింది.